అంటు మామిడి, పండ్లగంప, పక్షిరాజు: రోజువారీ జీవితంలో ఆత్మీయ పాఠాలపై అపోహలు, వాస్తవాలు

పొద్దున అయిదున్నరకి మా సంఘం వాట్సాప్ గ్రూపులో చిన్న ధ్యానం, అంటే ఒక బైబిలు వచనం, దాని మీద నాలుగు మాటలు, పెట్టడం నా పని. పదిహేనేళ్ళ కిందట ఎస్సెమ్మెస్‌లతో మొదలైంది. మా ఆయన పాస్టర్, తిరుపతిలో ఉంటాం, వారంలో మూడు రోజులు గృహ కూడికలకి ఇటు చిత్తూరు దాకా అటు శ్రీకాళహస్తి దాకా తిరుగుతూ ఉంటాం కాబట్టి నా ధ్యానాల్లో సగం బస్సు కిటికీలోంచి వచ్చినవే. స్త్రీల కూడికలో వాక్యం చెప్పడం కొందరు ఆడపిల్లలకి నేర్పిస్తున్నాను కూడా. "అమ్మగారూ, మీరు దేన్ని చూసినా ఏదో ఒకటి చెప్తారు, మాకు రాదు" అంటుంటారు వాళ్ళు. రోజూ చూసే మామూలు వస్తువుల్లోంచి ఆత్మీయ పాఠం తీసే ఈ పని గురించి నా చెవిన పడేవి, నేనే చాలాకాలం నమ్మినవి, కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వరుసేమీ లేదు, గుర్తొచ్చినట్టు రాస్తాను.

అపోహ: ఇదంతా సండే స్కూల్ పిల్లల పని, అసలైన వాక్యం కాదు.

ఇది ఎక్కువగా పెద్దల దగ్గరే వింటాను. నాతాను ప్రవక్త దావీదు ముందుకి పోయి నేరుగా పాపం పేరు ఎత్తలేదు, ఒక ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు, దావీదుకి ఆ ధనవంతుడి మీద కోపం వచ్చేదాకా ఆగాడు, అప్పుడు కదా "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. యిర్మీయాని దేవుడు కుమ్మరి ఇంటికి పంపించాడు. ప్రభువు పిండిలో పులిసిన పిండి కలిపే ఆడమనిషిని, ఇల్లు ఊడ్చి నాణెం వెతుక్కునే ఆడమనిషిని చూపించాడు. ఇవి పిల్లల కథలైతే మనమందరం పిల్లల క్లాసులోనే కూర్చోవాలి. దీని మీద ఇంతకన్నా వాదన అక్కర్లేదు.

అపోహ: పోలిక కుదిరితే చాలు, ఆ వస్తువు గురించి లోతుగా తెలియనక్కర్లేదు.

నా పరువు పోయింది ఇక్కడే. దామలచెరువు దగ్గర ఒక పల్లెలో గృహ కూడిక, చుట్టూ మామిడి తోటలు, నేను పౌలు రాసిన రోమా పత్రిక 11వ అధ్యాయం తీసుకున్నాను, అడవి ఒలీవ కొమ్మని మంచి ఒలీవ చెట్టుకి అంటుకట్టే మాట. "మీ తోటల్లో మీరు రోజూ చేసేదే కదా, పనికిమాలిన కొమ్మని తెచ్చి మంచి చెట్టుకి కడతారు, అది మంచిదైపోతుంది, మనం కూడా అంతే" అని ఉత్సాహంగా చెప్పేశాను. అందరూ ఆమేన్ అన్నారు. ప్రార్థనయ్యాక టీ తాగుతుంటే, నలభై ఏళ్ళుగా అంట్లు కడుతున్న ఒక పెద్దాయన మెల్లగా పక్కకొచ్చి, "అమ్మగారా, తప్పుగా అనుకోవద్దండి. మేము చేసేది తిరగేసి కదా. కింద ఉండేది నాటుది, టెంక నుంచి మొలిచింది. పైన కట్టేది మంచి చెట్టు పుల్ల. మీరు చెప్పినట్ట నాటు పుల్ల తెచ్చి మంచి చెట్టుకి కడితే నాటు కాయే కాస్తాది, ఇంకేం కాస్తాది?" అన్నాడు.

టీ గొంతు దిగలేదు. తిరుగు బస్సులో ఫోన్లో బైబిలు తెరిచి మళ్ళీ చదివాను. 24వ వచనంలో పౌలు "స్వభావవిరుద్ధముగా" అని రాశాడు! ఎన్నిసార్లు చదివి ఉంటానో, ఆ మాట మీద నా కన్ను ఒక్కసారీ ఆగలేదు. పౌలుకి సంగతి తెలుసు. ఏ తోటమాలీ చెయ్యని పని దేవుడు చేశాడని ఆయన చెప్తుంటే, మీరు రోజూ చేసేదే అని నేను చెప్పి వచ్చాను. కృప అనే మాటని పట్టుకుపోయి మామూలు వ్యవసాయం కింద జమ కట్టేశాను. పక్క నెల అదే ఊరికి పోయి, అదే ఇంట్లో, ఆ పెద్దాయనని ముందు కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పాను, ఈసారి అంటు కట్టే విధానం ఆయన్నే చెప్పమన్నాను. కింది మొక్కా పై పుల్లా ఒకే లావుండాలంట, ఏటవాలుగా కోసి లోపలి పచ్చి పొరలు రెండూ ఆనేట్టు పెట్టి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలంట, కట్టు కింద నాటు మొక్క నుంచి వచ్చే చిగుర్లు ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలంట, లేకపోతే ఆ నాటు చిగురే చెట్టైపోతుందంట. ఈ చివరి మాట విన్న మా ఆడపిల్లలు "అమ్మగారూ, పాత స్వభావం!" అని నోట్సు రాసుకోబోయారు. ఆగండమ్మా అన్నాను. పౌలు పోలికలో వేరు మంచిది, ఇక్కడ వేరు నాటుది. రెండూ ఒక కుండలో వేస్తే పప్పూ కాదు చారూ కాదు. ఆ చిగుర్ల మాట, పాత స్వభావాన్ని విడిచిపెట్టమనే కొలస్సయుల పత్రిక పాఠం వచ్చినప్పుడు విడిగా చెప్పుకోవచ్చు.

ప్రభువు చెప్పిన ఆవగింజ ఉపమానం కూడా ఇలాంటిదే. మన చేలల్లో ఆవ మొక్క నడుం ఎత్తుకి వస్తే గొప్ప, "చెట్టయి పక్షులు వాలాయంట" అని చెప్తే పల్లెల్లో నవ్వుతారు. గలిలయ వైపు పెరిగే నల్ల ఆవ మనిషి ఎత్తుని దాటుతుంది. ఆ ఒక్క ముక్క చెప్తే నవ్వు ఆగిపోతుంది.

అపోహ: గొప్ప సేవకులు చెప్పిన దృష్టాంతం కాబట్టి నిజమే అయ్యుంటుంది.

పక్షిరాజు కథ మీరందరూ వినే ఉంటారు. 40 ఏళ్ళు వచ్చేసరికి ముక్కు వంగిపోతుందంట, కొండ మీదికి పోయి ముక్కుని బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందంట, 150 రోజులు అలా కూర్చుంటే కొత్త ముక్కు, కొత్త గోళ్ళు, కొత్త రెక్కలు వచ్చి ఇంకో 30 ఏళ్ళు బతుకుతుందంట. నేను ఆరేళ్ళు చెప్పాను ఈ కథ, ఒకసారి ఏడ్చాను కూడా చెప్తూ. మా యువకుల కూడికకి వచ్చే వెటర్నరీ చదివే కుర్రాడు ఒక రోజు అడిగాడు: "ఆంటీ, ముక్కు లేకుండా 150 రోజులు అది ఏం తింటుంది?" నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే జవాబే లేదు. ముక్కు ఊడిన గద్ద ఆకలితో చస్తుంది. ముక్కు, గోళ్ళు జీవితాంతం పెరుగుతూ అరుగుతూ ఉంటాయి, ఈకలు కొన్ని కొన్నిగా రాలి కొత్తవి వస్తుంటాయి. కీర్తన 103లో పక్షిరాజు యౌవనంలా నీ యౌవనం కొత్తదవుతుందన్న మాటకి ఆ మామూలు ఈకలు రాలడమే చాలు, రక్తం కారే కథ దేనికి? పైగా అక్కడి హీబ్రూ మాట 'నెషెర్', రాబందుకి కూడా అదే మాట. మీకా 1:16లో అదే పక్షిని బోడితలకి పోలిక చెప్పాడు, గద్దకి బోడితల ఉండదు కదా.

ధనవంతుడు దేవుని రాజ్యంలోకి పోవడం కన్నా ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలికన్నాడు యేసు; ఒంటె మోకాళ్ళ మీద దూరే 'సూది బెజ్జం' అనే చిన్న ద్వారం యెరూషలేములో ఉండేదన్న మాట ఇంకోటి. యేసు కాలంలో అలాంటి ద్వారం ఉందనడానికి ఏ ఆధారమూ దొరకలేదు, అది వందల ఏళ్ళ తర్వాత వ్యాఖ్యానాల్లో పుట్టిన మాట. నిజంగా చిన్న ద్వారమే అయితే శిష్యులు "మరి ఎవరు రక్షణ పొందుతారు" అని అంత బిత్తరపోరు, సామాను దించి దూరితే సరిపోయేది కదా. తప్పిపోయే గొర్రెపిల్ల కాలు కాపరే విరిచి భుజాన మోస్తాడన్న మాట కూడా బైబిల్లో ఎక్కడా లేదు. పుంగనూరు వైపు గొర్రెలు కాసే ఒకామెకి ఈ కథ చెప్తే నా ముఖం కేసి అదోలా చూసి, "కాలిరిచేది కాపరితనం కాదమ్మా, కసాయితనం" అంది.

నా పద్ధతి ఇప్పుడు ఒకటే. ఆ పని చేసేవాళ్ళకి ముందు చెప్పి చూస్తాను. గొర్రెల మాట గొర్రెలు కాసేవాళ్ళకి, అంటు మాట అంటు కట్టేవాళ్ళకి. వాళ్ళు నవ్వితే ఆ దృష్టాంతం వదిలేస్తాను.

అపోహ: మనకి జరిగే ప్రతి చిన్నదాని వెనకా దేవుడు ఒక మాట దాచిపెట్టాడు, అది పట్టుకోవాలి.

బస్సు తప్పింది, టైరు పంక్చరైంది, పాలు పొంగాయి, అన్నిటికీ అర్థం వెతుకుతారు, దొరక్కపోతే టెన్షన్ పడతారు, నాలో ఏదో పాపం ఉంది అందుకే వినపడటం లేదని. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13లో ఉంది. ఆ 18 మంది మిగతావాళ్ళకన్నా పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు ప్రభువు. చనిపోయినవాళ్ళకి ఎందుకలా జరిగిందో వివరం ఇవ్వలేదు, వింటున్నవాళ్ళ వైపు తిరిగి మీరు మారుమనస్సు పొందండి అన్నాడు.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. ఒక ఉపవాస ప్రార్థనలో ఒకాయన లేచి సాక్ష్యం చెప్పాడు, ఘాట్‌లో లోయలో పడిన బస్సు తను ఎక్కాల్సిందేనని, ఆలస్యమై తప్పిపోయిందని, దేవుడు తనని అంత ప్రేమించాడని. చప్పట్లు కొట్టాం. వెనక వరుసలో ఒకమ్మాయి కొట్టలేదు, తర్వాత తెలిసింది, ఆమె అన్న ఇంకో ఏడాది అలాంటి ప్రమాదంలోనే పోయాడని. ఆయన సాక్ష్యం అబద్ధమని నేననను, కృతజ్ఞత చెప్పుకోవాల్సిందే. కానీ దాన్ని పాఠం చేసి గ్రూపులో పెట్టాలని అప్పటికే సగం రాసుకున్న నేను, ఆ రాత్రి దాన్ని చెరిపేశాను. తప్పించుకున్నవాడికి పాఠమైనది పోగొట్టుకున్నవాళ్ళకి రాయిలా తగిలితే, అది పాఠంగా పంచే సరుకు కాదు.

అపోహ: కష్టంలో ఉన్నవాళ్ళని చూస్తే ఓర్పు పాఠం దొరుకుతుంది.

ఎవరికి ఓర్పు? 2025 వేసవిలో మన వైపు తోతాపురి మామిడి ధర ఎలా పడిపోయిందో చెప్పక్కర్లేదు. కిలోకి 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అన్నారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, లోడు మీద కాయ మెత్తబడిపోతుంటే రైతులు అక్కడే ట్రాక్టర్ కింద పడుకున్నారు. మా బస్సు ఆ లైను పక్కగా పోతుంటే నా పక్కన కూర్చున్న మా సంఘం చెల్లెలు ఒకామె "చూడండి అక్కా ఎంత ఓర్పో, రేపు ధ్యానం రాయండి" అంది. నాకూ అదే తట్టింది, సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను. యాకోబు 5వ అధ్యాయంలో వ్యవసాయకుడి ఓర్పు వచనం నోట్లోనే ఉంది. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మొదటినుంచి చదివితే, ఓర్పు మాట 7వ వచనంలో వస్తుంది, అంతకుముందు 4వ వచనంలో చేలు కోసినవాళ్ళకి ఇవ్వకుండా ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందని ఉంది. 4 దాటకుండా 7కి పోదామనుకున్నాను నేను.

అప్పుడు గుర్తొచ్చింది ఆమోసు ప్రవక్త గ్రంథం 8వ అధ్యాయం. దేవుడు ఆమోసుకి ఒక వేసవి పండ్లగంప చూపిస్తాడు, ఏం కనబడుతోంది అంటాడు. హీబ్రూలో వేసవి పండ్లని 'కయిత్స్' అంటారు, అంతం అనేదాన్ని 'కేత్స్'. పండ్లగంప అని ఆయన నోటితో అనిపించి, అంతం వచ్చేసింది అంటాడు దేవుడు. ఎవరికి? తూము చిన్నది చేసి, దొంగ త్రాసు పెట్టి, చెత్త ధాన్యం అమ్మి పేదవాళ్ళని తొక్కేవాళ్ళకి. మామిడి పండ్లగంప ఫొటో పెట్టి "దేవుడు తన కాలంలో ఫలమిస్తాడు" అని రాసే మనకి, బైబిల్లో ఉన్న పండ్లగంప పాఠం ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మరుసటి రోజు పొద్దున ఆ అధ్యాయం మాత్రం పెట్టాను, నా మాట ఒక్కటీ కలపలేదు. సంఘంలో కాయల వ్యాపారం చేసే ఒకాయన రెండు వారాలు మాతో మాట్లాడలేదు. ఓర్పు అవసరమైంది మాకే.

అపోహ: పెద్ద ప్రయాణాలు చేస్తేనే, పరిశుద్ధ దేశం చూస్తేనే లోతైన పాఠాలు వస్తాయి.

చూసొచ్చినవాళ్ళు సంతోషంగా చెప్తారు, వింటాను, నాకూ పోవాలనే ఉంది. కానీ గలిలయ సముద్రం పొడవు దాదాపు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. ప్రభువు సేవలో చాలా భాగం ఆ నీళ్ళ చుట్టుపక్కలే నడిచింది. ఎమ్మాయు యెరూషలేముకి 'ఆమడ దూరం' అని మన తెలుగు బైబిలు చెప్తుంది, మూలంలో 60 స్తాదియలు, అంటే సుమారు 11 కిలోమీటర్లు. మనకి తిరుపతి నుంచి రేణిగుంట దాకా నడిచినంత, ఇంకొంచెం ఎక్కువ.

ఆ దారిలో నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. తిరిగి లేచిన యేసుతో అంతసేపు నడిచినా, ఎమ్మాయుకి పోతున్న ఆ ఇద్దరు శిష్యులకీ దారిలో ఏమీ తెలియలేదు. రొట్టె విరిచాక, ఆయన కనిపించకుండా పోయాక, మన గుండె మండలేదా అనుకున్నారు. కాబట్టి చూడగానే పాఠం తట్టాలి అనుకునేవాళ్ళకి నేను కలంకారీ సంగతి చెప్తాను. శ్రీకాళహస్తిలో మా కూడిక జరిగే వీధిలోనే ఒకాయన ఈ పని చేస్తాడు. మొదటిసారి చూసినప్పుడు "దేవుడు మన జీవితానికి రంగులద్దుతాడు" అని రాసి పెట్టేశాను, ఆ మాట ఏ పెయింటు డబ్బాకైనా సరిపోతుంది. మూడోసారి పోయి నోరు మూసుకుని కూర్చుంటే కనబడింది: ముందు గుడ్డని కరక్కాయ, గేదె పాలు కలిపి నానబెడతారు, పాలు పట్టకపోతే కలం పెట్టగానే గీత పాకిపోతుంది. నలుపు అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టింది. ఎరుపు రావాల్సిన చోట ఎరుపు వెయ్యరు, పటిక నీళ్ళతో గీస్తారు, అది సరిగ్గా కనబడను కూడా కనబడదు. తర్వాత రంగు వేళ్ళు వేసిన నీళ్ళలో గుడ్డ మొత్తం ఉడికిస్తే, పటిక పడిన చోట ఎరుపు నిలుస్తుంది, మిగతాచోట ఉతుకులో పోతుంది. ఇప్పటికీ దాని మీద నేను ధ్యానం రాయలేదు. ఏదో ఉంది అందులో, ఇంకా నా చేతికి రాలేదు.

అపోహ: పాఠం అంటే చివర్లో ఒక మంచి వాక్యం.

చిత్తూరు నుంచి వేలూరు బస్సెక్కితే గంటలో పెద్దాసుపత్రి. ఆసుపత్రి మొదలుపెట్టిన ఐడా స్కడర్ కథ మన సంఘాల్లో అందరికీ తెలుసు. అమెరికాలో చదువుకుంటూ, జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి తిండివనం వచ్చింది, ఇక్కడ ఉండిపోయే ఉద్దేశమే లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేరువేరుగా వచ్చి ప్రసవం కష్టమైన భార్యల కోసం పిలిచారు, డాక్టరైన ఆమె నాన్నని రానివ్వలేదు, మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. మనం ఇక్కడిదాకా చెప్పి, "దేవుడి పిలుపు వినండి" అని కూర్చుంటాం. ఆమె చేసింది ఏమిటంటే పోయి డాక్టరీ చదివింది, 1899లో పట్టా తీసుకుంది, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది, తర్వాత రోడ్డు పక్కన చెట్ల కింద ఆగి ఆగి పల్లెల వాళ్ళకి మందులిచ్చింది, 1918లో ఆడపిల్లలకి వైద్య పాఠశాల పెట్టింది. ఆ రాత్రి పాఠానికి ఆమె రాసిన అన్వయం అది. శరీర నిర్మాణ శాస్త్రం బట్టీ పట్టడం కూడా అందులో భాగమే, మన ప్రసంగాల్లో ఆ భాగం రాదు.

అపోహ: తిరుపతిలాంటి ఊళ్ళో ఉంటే మనం చూసి నేర్చుకునేది ఏముంటుంది?

ఈ మాట బయటి ఊళ్ళ నుంచి వచ్చే అతిథులు అంటుంటారు. మేము అలిపిరి వైపే ఉంటాం. తెల్లవారుజామున చెప్పుల్లేకుండా, పిల్లల్ని భుజాన వేసుకుని, 3,550 మెట్లు ఎక్కడానికి పోయేవాళ్ళు మా వీధిలోనే నడుస్తారు. వాళ్ళ భక్తి మీద నేను ధ్యానాలు రాయను, పొగడటానికీ, తక్కువ చెయ్యడానికీ. వాళ్ళు నా దృష్టాంతాలు కారు, నా పొరుగువాళ్ళు. కీర్తనల్లో 120 నుంచి 134 దాకా పదిహేనింటికి 'యాత్రకీర్తన' అని పేరు, కాళ్ళు నొప్పులు పుట్టే జనం పాడుకున్న పాటలు అవి, అంత మాత్రం ఆ వీధి నాకు గుర్తుచేస్తుంది. ఎండాకాలంలో గేటు బయట కుండలో నీళ్ళు పెడతాం. కరపత్రాలు పెట్టం. ఎందుకు పెట్టరని మావాళ్ళే అడుగుతారు. దాహమేసినవాడికి నీళ్ళివ్వమన్నాడు ప్రభువు, ఆ మాట నీళ్ళతోనే అయిపోయింది.

అపోహ: ప్రతిరోజూ ఏదో ఒక పాఠం దొరికి తీరాలి.

గ్రూపులో పొద్దున మెసేజ్ రాకపోతే "అమ్మగారికి ఒంట్లో బాగలేదా" అని ఫోన్లు వస్తాయి కాబట్టి ఈ అపోహకి సగం కారణం నేనే. ఏమీ తట్టని రోజుల్లో ముందు ఏదో ఒకటి అల్లేదాన్ని, అలా అల్లినవి ఇప్పుడు చదువుకుంటే నాకే నవ్వొస్తుంది (ఇడ్లీ పాత్ర మీద ఒకటుంది, దయచేసి అడగొద్దు). ఇప్పుడు అలాంటి రోజు వచనం ఒక్కటి పెట్టి ఊరుకుంటాను.

మొన్న చిత్తూరు నుంచి వస్తుంటే ఒక చిన్న స్టేషన్లో ప్యాసింజరు ఆగిపోయింది, గంటన్నర. చేతిలో నోటుబుక్కు, ఎదురుగా వేపచెట్టు, దాని కింద కుక్క, ఎండ. ఎంతసేపు చూసినా అది వేపచెట్టే, అది కుక్కే. ఎదురు సీటులో ఉన్న పెద్దావిడ డబ్బా తెరిచి, "తినమ్మా, ఎప్పుడు తిన్నావో ఏమో" అని మూతలో చింతపండు పులిహోర పెట్టి ఇచ్చింది. తిన్నాను. నోటుబుక్కులో ఆ తేదీ కింద "పులిహోర బాగుంది, ఇంగువ కొంచెం ఎక్కువ" అని రాసుకున్నాను.